సీటు కింది సరుకు

ముందుగా తప్పు ఒప్పుకుంటాను. ఆ రోజు విమానంలో నా సీటు కింద ఉన్న లైఫ్ జాకెట్ సీలు చింపింది నేనే. చింపి, అది ముందునుంచే అలా ఉందని చెప్పిందీ నేనే. మొదటిది తెలివితక్కువ పని, రెండోది పాపం. మొదటిదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోది గుర్తుకు రాగానే ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. ఎందుకంటే ఆ ఒక్క మాటతో, నాకు ఏ అపకారమూ చేయని ఒక అమ్మాయి ఉద్యోగం పోయేంత పని చేశాను.

ఆ రోజుల్లో నాకు కళ్లకంటే ముందు వేళ్లు చూసేవి. మాది పెడన వైపు మగ్గం మీద బతికిన కుటుంబం. ఇరవై రెండేళ్లకే విజయవాడ వచ్చి, వన్ టౌన్‌లో చేనేత బట్టల హోల్‌సేల్ కొట్టు నడిపే మా పెదమామయ్య దగ్గర గుమాస్తాగా చేరాను. అప్పట్నుంచి ఎవరి భుజం మీద కండువా కనిపించినా రెండు వేళ్ల మధ్య నలిపి చూడనిదే నాకు మాట కలిసేది కాదు. పెళ్లి భోజనానికి కూర్చుంటే బల్ల మీద పరిచిన గుడ్డ అంచు తిరగేసి చూసేవాణ్ణి. (ఒకసారి గుళ్లో తీర్థానికి చెయ్యి చాపబోయి పూజారిగారి పట్టుపంచె కొస పట్టుకున్నాను. ఆయన చాలా ఓపికగా, "బేరం తర్వాత మాట్లాడుకుందాం నాయనా, ముందు తీర్థం తీసుకో" అన్నారు.)

కొట్లో నేను నేర్చుకున్న సూత్రాలు రెండు. మొదటిది మామయ్య రోజుకు నాలుగుసార్లు చెప్పేది: "కట్టు విప్పకుండా సరుకు తీసుకున్నవాడు, కళ్లకు గంతలు కట్టుకుని కాలవ దాటినవాడు ఒకటేరా అల్లుడూ." ఎంత నమ్మకస్తుడు పంపిన బేలైనా, అంటే బట్టల మూటైనా సరే, విప్పాలి, బట్ట తానును పరవాలి, వెలుతురుకు ఎత్తి చూడాలి. రెండోది ఎవరూ నేర్పరు, గాల్లోంచి పట్టుకుంటాం. విప్పేటప్పుడు కత్తెర మొన తగిలి గుడ్డ చిరిగినా, చేతి చెమటకు రంగు అంటినా, "ఎవర్రా?" అన్న కేక వినబడగానే గుమాస్తా నోట్లోంచి ఆలోచన లేకుండా వచ్చే మాట ఒకటుంది: "అలాగే వచ్చిందండి." తప్పు నేసినవాడి మీదకో, లారీవాడి మీదకో పోతుంది. వాళ్లు ఎదురుగా ఉండరు కనుక ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఆ మాట నేను వందసార్లు అని ఉంటాను. ఒక్కసారీ నిద్ర చెడలేదు.

ఆ ఏడాది ఢిల్లీలో ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్లు మా సరుకు చూస్తామని కబురు పెట్టారు. రైల్లో వెళితే చీరల మడతలు నలిగిపోతాయని మామయ్య విమానానికి టికెట్లు తీయించాడు. (అసలు కారణం చీరలు కావు. గవర్నర్‌పేటలో ఆయన పోటీదారు ఒకాయన అప్పటికే రెండుసార్లు విమానం ఎక్కాడు.) ఇద్దరికీ అదే మొదటిసారి. పొద్దున్నే గన్నవరం చేరాం. విమానం మెట్ల దగ్గర మామయ్య తన తువ్వాలు నా చేతిలో పెట్టి, "నువ్వు కుర్రాడివి, ముందు పరిగెత్తి మన సీట్ల మీద వెయ్యరా" అన్నాడు. "నంబర్లుంటాయి మావయ్యా" అన్నాను. "నంబర్లు బస్సుకీ ఉంటాయి. కూర్చున్నవాణ్ణి లేపడానికి నీ వల్ల అవుతుందా?" అన్నాడు. తువ్వాలు వేశాను. అబద్ధం ఎందుకు, నాకూ లోపల అదే భయం ఉంది.

మామయ్య కిటికీ పక్కన, నేను మధ్యలో, మూడో సీటు ఖాళీ. తలుపులు వేశారు. అప్పుడొచ్చి మా వరసకు కాస్త ముందు నిలబడింది ఆ అమ్మాయి. సన్నగా, పొట్టిగా, బిగుతుగా దువ్వి ముడేసిన జుట్టుతో ఉంది. ఆమె వెనకాల, చేతిలో అట్టకు బిగించిన కాగితాలతో ఇంకో ఆవిడ, కాస్త వయసు మళ్లిన ఆవిడ, ఈ అమ్మాయినే కళ్లార్పకుండా చూస్తోంది. మామయ్య ఆవిడకు అప్పటికప్పుడే పేరు పెట్టేశాడు: హెడ్‌మాస్టరమ్మ. మైకులో ఎవరో చెబుతుంటే ఈ అమ్మాయి చేతులతో చూపిస్తోంది. బెల్టు ఇలా పెట్టాలి, ఇలా తీయాలి. గాలి తగ్గితే పైనుంచి మాస్కు పడుతుంది, ముందు మీరు పెట్టుకుని తర్వాత పక్కవాళ్లకు పెట్టండి. తలుపులు అక్కడ, అక్కడ. తర్వాత నిండు పసుపు రంగు లైఫ్ జాకెట్ మెడలో వేసుకుని, నడుముకు పట్టీ తిప్పి చూపించింది.

"బాగా చూపిస్తోందిరా" అన్నాడు మామయ్య, "మన కొట్లో పెడితే రోజుకు వంద చీరలు అమ్మేస్తుంది." నేను నవ్వాను. "ఢిల్లీ దాకా నేలేగా మావయ్యా, ఈ జాకెట్టు ఎందుకు?" అన్నాను. "కృష్ణలో దించుతాడేమో, బ్యారేజీ దగ్గర దిగేవాళ్లుంటారుగా" అన్నాడు. ఇద్దరం కిసుక్కున నవ్వుకున్నాం. ఆ అమ్మాయికి వినబడే ఉంటుంది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. నూటఎనభై మందిలో చూస్తున్నవాళ్లు నలుగురుంటే ఎక్కువ, అయినా ఆ నలుగురి కోసమే అన్నట్టు చివరిదాకా శ్రద్ధగా చూపించింది.

విమానం లేచాక మా నవ్వులు ఆగిపోయాయి. మామయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని కిటికీలోకి చూస్తున్నాడు. ఆయన భుజం మీంచి నేనూ చూశాను. కింద మా దేశం మొత్తం పరిచిన పడుగులా ఉంది. కాలవలన్నీ సన్నటి వెండి పోగులు, వాటికి అడ్డంగా గట్లూ రోడ్లూ పేక పోగులు, మధ్యలో పచ్చటి గళ్లు. కృష్ణ ఒక్కటే ఎవరి నేతకూ లొంగని వెడల్పాటి అంచులా పక్కన పోతోంది. ఈ నీళ్లలో మునిగి, ఈ బురదలో నడిచి పెరిగినవాణ్ణి, ఇదంతా ఒక్క గుడ్డ అని ఏనాడూ తెలియలేదు. "ఎవడు నేశాడ్రా ఇది" అన్నాడు మామయ్య చాలా మెల్లగా. ఆయన ఏ సరుకునైనా చూసి లోపం వెతకకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

మేఘాలు అడ్డం వచ్చాక ముందు సీటు సంచిలో ఉన్న అట్ట తీశాను. విమానంలో ప్రమాదం జరిగితే ఏం చేయాలో అందులో బొమ్మలున్నాయి. ఆ బొమ్మల్లో మనుషులు విమానం నీళ్లలో తేలుతున్నా పెళ్లి ఫొటోకు కూర్చున్నంత ప్రశాంతంగా ఉన్నారు. చెప్పులు విప్పి, చేతులు ముడుచుకుని, గాలి నింపిన జారుడుబల్ల మీంచి వరసగా జారుతున్నారు. అక్కడే లైఫ్ జాకెట్ బొమ్మా ఉంది. దాన్ని చూడగానే నా వేళ్లు జివ్వుమన్నాయి. గాలి ఆడే గుడ్డే మంచి గుడ్డ అని వింటూ పెరిగినవాణ్ణి నేను. గాలిని పట్టి ఆపే గుడ్డ ఎలా ఉంటుంది? కుట్టు వేస్తే సూది రంధ్రాల్లోంచి గాలి పోదా? ఇందాక ఆ అమ్మాయి మెడలో చూసినప్పుడు ఎక్కడా కుట్టు కనిపించినట్టు లేదే?

"సీటు కిందే ఉంటుందన్నారుగా" అన్నాను.

"విప్పి చూడు మరి" అన్నాడు మామయ్య, మామూలుగా కొట్లో అన్నట్టే.

(ఆయన అన్నాడు కదా అని తప్పు ఆయన మీద వేయడం లేదు. ఆయన అనకపోయినా నేను విప్పేవాణ్ణే.) వంగి సీటు కింది సంచిలోంచి పొట్లం లాగాను. దానికో చిన్న ప్లాస్టిక్ సీలు, దాని మీద అంకెలు. వేళ్లకు తెగలేదు. కొట్లో దారం ఎలా తెంపుతామో అలాగే పంటితో కొరికి తెంపాను. తెంపిన సీలును జేబులో వేసుకున్నాను. అదీ అలవాటే. తానుకు కట్టిన చీటీ పారేయకూడదు, సరుకు ఎక్కడిదో రేపు ఎవరైనా అడిగితే అదే సాక్ష్యం.

జాకెట్టు ఒళ్లో పరుచుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒళ్లు గగుర్పొడిచింది. ఎక్కడా కుట్టు లేదు. రెండు పొరలు కరిగి ఒకటైపోయినట్టు అతుక్కున్నాయి. భుజం దగ్గర చిన్న లైటు, నీళ్లు తగిలితే దానంతటదే వెలుగుతుందని అట్ట మీద రాసుంది. పక్కన ఒక విజిల్. గాలి చాలకపోతే నోటితో ఊదుకోవడానికి గొట్టం. నేను ఎవరో తెలియదు, ఈ సీట్లో ఎవరు కూర్చుంటారో తెలియదు, అయినా వాడు చీకట్లో నీళ్లలో పడితే కనిపించాలని ఒక లైటు, వినిపించాలని ఒక విజిల్, ఎవరో ఎక్కడో కూర్చుని ఆలోచించి పెట్టారు. మా కొట్లో ఏ చీరకూ ఇంత ఆలోచన పెట్టి ఉండం.

"పన్నా ఎంతుంటుందిరా?" అన్నాడు మామయ్య, అంటే గుడ్డ వెడల్పు.

"చూస్తానుండు" అని కింద వేలాడుతున్న ఎర్ర పట్టీని, అతికించారా కుట్టారా అని, కొంచెం లాగాను. కొంచెమే.

ఫట్‌మని శబ్దం, ఆ వెంటనే బుస్సుమని గాలి. నా ఒళ్లో ఉన్న గుడ్డ ప్రాణమొచ్చినట్టు లేచి, ఒక చెంప నా గడ్డాన్నీ ఇంకో చెంప మామయ్య కళ్లజోడునూ నొక్కేసింది. మామయ్య కిటికీకి అతుక్కుపోయి, "ఒరేయ్, దీన్ని ఆపరా! ఊపిరాడట్లేదు! ఒరేయ్ అల్లుడూ, ఇది ఇంకా పెరుగుద్దా?" అని కేకలు పెట్టాడు. ముందు నాలుగు వరసలూ వెనక నాలుగు వరసలూ లేచి నిలబడ్డాయి. విమానం నీళ్లలో పడుతోందనుకుని ఎవరో దండకం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చింది. ఒక్క చూపులో అంతా చూసి, ముందు చుట్టూ ఉన్నవాళ్లతో, "ఏం ఫరవాలేదండి, కూర్చోండి, బెల్టులు పెట్టుకోండి" అంది హిందీలోనూ తెలుగులోనూ. తర్వాత గొట్టం నొక్కి జాకెట్టులో గాలి తీసేసింది. అప్పుడు నన్ను చూసి, ఏ మాత్రం గొంతు పెంచకుండా అడిగింది: "సర్, ఇది ఎవరు విప్పారండి?"

ఆమె వెనక హెడ్‌మాస్టరమ్మ వచ్చి నిలబడింది. చుట్టూ పదిహేను మొహాలు. నా నోరు నా అనుమతి అడగలేదు.

"అలాగే వచ్చిందండి" అన్నాను. "ముందే విప్పి ఉంది. నేను ముట్టుకున్నానంతే."

మామయ్య కళ్లజోడు సరిచేసుకుంటూ నా వైపు తిరిగాడు. హెడ్‌మాస్టరమ్మ ఆ అమ్మాయిని ఇంగ్లీషులో ఏదో అడిగింది, ఈ వరసల్లో సీళ్లు చూసింది నువ్వే కదా అని నాకు అర్థమైంది. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "చూశాను మేడమ్. అన్నీ ఉన్నాయి" అంది. ఉంటే ఇదేమిటి అన్నట్టు ఆవిడ జాకెట్టు వంక చూపించి, అట్ట మీది కాగితంలో ఏదో రాసింది. అలా రాసేటప్పుడు కలం చేసే చప్పుడు నాకు ఇంజను మోతలో కూడా వినిపించింది. ఆ అమ్మాయి ఎక్కడినుంచో ఇంకో జాకెట్టు తెచ్చి నా సీటు కింద పెట్టి, పాతదాన్ని తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. పెడుతూ నాతో, "ఇది మీకోసమండి" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

కాసేపటికి నీళ్లు తాగే నెపంతో లేచి వెనక్కి వెళ్లాను. కాఫీ గిన్నెలు పెట్టుకునే ఇరుకు గదిలో ఆ అమ్మాయి ఒక్కతే నిలబడి, జాకెట్టును మడత పెడుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీది ఏ ఊరండి?" అన్నాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"అవనిగడ్డ దగ్గరండి. మీకు నీళ్లు కావాలా?"

"ఆ కాగితంలో ఏం రాశారండి ఆవిడ?"

ఆమె జాకెట్టు పట్టీని ఇంకో చుట్టు చుట్టింది. తర్వాత, "ఇవాళ నాకు ఆఖరి పరీక్షండి" అంది. "ఆ మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే మళ్లీ మొదటినుంచి. మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు. సీళ్లన్నీ చూశానండి. వేలు పెట్టి చూశాను. ఎలా తప్పిపోయిందో నాకే అర్థం కావట్లేదు." ఆమె నన్ను అనుమానించడం లేదు. తనను తాను అనుమానిస్తోంది. అది నాకు చెంపదెబ్బలా తగిలింది.

చెప్పేయాల్సిన చోటు అదే. చెప్పలేదు. బదులుగా, పిరికివాళ్లందరిలాగే మాట మార్చాను. "ఇవన్నీ ఎప్పుడైనా నిజంగా పనికొస్తాయాండీ?" అన్నాను.

"రాకూడదనే కోరుకుంటామండి" అంది. మాటల్లో పడి కొంచెం తేరుకుంది. పొగ నింపిన గదిలో నేల మీద పాకుతూ మనుషుల్ని వెతకడం నేర్పారట. మంట ఆర్పే సిలిండరు వాడడం, బట్టలతోనే నీళ్లలో దూకి తనకంటే బరువైన మనిషిని లాక్కురావడం నేర్పారట. తలుపు తీసి మొత్తం జనాన్ని తొంభై సెకన్లలో దించగలగాలట. ఆ బక్కపలచని చేతుల వంక చూస్తూ ఉండిపోయాను. తొంభై సెకన్లలో మా కొట్లో ఒక తాను మడత కూడా పూర్తవదు.

"మా నాయనమ్మ ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికిందండి" అంది జాకెట్టు మీది విజిల్‌ను వేలితో తడుముతూ. "రాత్రంతా అరిచి అరిచి గొంతు పోయిందట. ఆ చుట్టుపక్కల ఇంకా ఎవరెవరో అరిచారట, తెల్లారేసరికి ఒక్కో గొంతూ ఆగిపోయిందట. నేను ట్రైనింగ్‌లో ఇది చూపిస్తే, చేతిలో పట్టుకుని చాలాసేపు ఇవ్వలేదండి. ఇంత చిన్నదా అంది."

నీళ్లు తాగకుండానే సీటుకు తిరిగొచ్చాను.

"చెప్పావా?" అన్నాడు మామయ్య. ఆయనకు తెలుసు నేనెందుకు వెళ్లానో, నాకంటే బాగా.

"లేదు."

"ఏం?"

"నోరు రాలేదు మావయ్యా. ఆ అమ్మాయికి ఇవాళ పరీక్షట. నా మాట వల్ల పోయేట్టుంది."

మామయ్య కాసేపు కిటికీలోంచి మేఘాల్ని చూశాడు. "కొట్లో అబద్ధం కొట్లోనే చెల్లుతుందిరా" అన్నాడు. "అక్కడ నేసినవాడు కనబడడు. ఇక్కడ కనబడుతోందిగా." తర్వాత తన సంచిలోంచి ఆర్డర్లు రాసుకునే పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, కలంతో సహా నా చేతిలో పెట్టాడు. "నోరు రాకపోతే చెయ్యి వస్తుందేమో చూడు."

ఢిల్లీలో అందరూ దిగేదాకా మేమిద్దరం కూర్చున్నాం. తర్వాత నేను కాగితం పట్టుకుని హెడ్‌మాస్టరమ్మ ముందుకు వెళ్లాను. నాకు వచ్చిన హిందీ అంతా మార్వాడీ వ్యాపారుల దగ్గర నేర్చుకున్న బేరం హిందీ. దానిలో తగ్గించమని అడగడం వచ్చు, క్షమించమని అడగడం రాదు. అందుకే కాగితం మొత్తం తెలుగులో రాశాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ అమ్మాయిని పిలిచి చేతికిచ్చింది, చదివి చెప్పమని. అంటే నేను ఎవరికి తప్పు చేశానో, ఆ తప్పును వాళ్ల నోటితోనే చదివించాల్సి వచ్చింది. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

ఆమె మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. నా వంక చూసింది. నేను నేల చూశాను. తర్వాత ఒక్కో వాక్యమే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాకపోయినా లెక్క పెట్టడం వచ్చు. నేను పది వాక్యాలు రాస్తే ఆమె ఏడే చెప్పింది.

"ఏమండీ, కొన్ని వదిలేశారు" అన్నాను.

"అవి అవసరం లేదండి."

"అవేనండి అసలైనవి."

"నా గురించి మీరు రాసిన పొగడ్తలు నేనే ఎలా చదువుకుంటానండి?" అంది, చెవులు ఎర్రబడుతూ.

వెనకనుంచి మామయ్య, "చదువు తల్లీ, చదువు, మావాడు జన్మలో ఒక్కరోజు నిజం రాశాడు, దాన్ని కత్తిరించకు" అన్నాడు.

ఆమె గొంతు తగ్గించి ఆ మూడూ చెప్పింది. ఈ అమ్మాయి చూపిస్తుంటే మేం నవ్వుకున్నామనీ, అయినా ఆమె చేతులు తడబడలేదనీ, జనం భయపడినప్పుడు ముందు వాళ్లను కూర్చోబెట్టి ఆ తర్వాతే నన్ను ప్రశ్నించిందనీ. హెడ్‌మాస్టరమ్మ అంతా విని, నన్ను పై నుంచి కిందికి చూసి ఒక మాట అంది. ఆ అమ్మాయి దాన్ని తెలుగు చేసింది: "ఇద్దరిదీ ఒకే ప్రాంతం కాబట్టి, నామీద జాలిపడి తప్పు మీమీద వేసుకుంటున్నారా అని అడుగుతున్నారండి."

జీవితంలో వందసార్లు అబద్ధం చెబితే వందసార్లూ నమ్మారు. మొదటిసారి నిజం చెబితే నమ్మడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది జేబు. తెంపిన సీలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాని మీది అంకెలు చూసింది, కాగితాల్లో వెతికి పోల్చుకుంది. తర్వాత దాన్ని వెలుతురుకు ఎత్తి, మామయ్య బట్ట తానును చూసినట్టే చూసింది. దాని మీద నా ముందు పళ్ల గాట్లు నాలుగు, కొట్టు ముద్ర వేసినంత స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ సీలు వంక, నా నోటి వంక మార్చి మార్చి చూసింది. పళ్లు చూపించనా అన్నట్టు నేను నోరు తెరవబోతే, ఆ అమ్మాయి, "వద్దండి, వద్దు, నమ్మారు" అంది తొందరగా.

ఆవిడ అట్ట మీది కాగితంలో తను రాసిన వాక్యాన్ని కొట్టేసింది. పక్కన ఇంకేదో రాసింది. కింద సంతకం పెట్టింది. పెట్టాక నావైపు తిరిగి, చాలాసేపు, చాలా వేగంగా మాట్లాడింది.

"మీరు చేసింది చాలా బాధ్యత లేని పని అంటున్నారండి" అని ఆ అమ్మాయి తెలుగు చెప్పింది. "ఆ జాకెట్టు ఇక ఎవరికీ పనికిరాదండి. అత్యవసర సామాను పాడుచేయడం నేరమండి. మిమ్మల్ని పోలీసులకు అప్పగించవచ్చట. మీరే వచ్చి ఒప్పుకున్నారు కాబట్టి హెచ్చరించి వదిలేస్తున్నారండి."

"ఇంకా చాలా అన్నారుగా?"

"అన్నారండి. అవి నేను చెప్పనండి." అప్పుడు మొదటిసారి నవ్వింది.

బయట ఆటో ఎక్కాం. దుకాణం దగ్గర దిగుతూ మామయ్య, "నాకు తెలిసి ఆ పిల్లది గట్టి నేతరా" అన్నాడు. సరుకు విషయంలో ఆయన అంతకంటే పెద్ద మాట అనడు.

తిరిగొచ్చిన మర్నాడు కొట్లో పై అంతస్తుకు ఎక్కుతుంటే మెట్ల మధ్యలో ఆగిపోయాను. సీజనులో పైన ముప్ఫై మంది పనిచేస్తారు. చుట్టూ గుడ్డే గుడ్డ. ఎక్కడానికీ దిగడానికీ రెండు బేళ్లు పక్కపక్కన పట్టని ఈ ఒక్క మెట్లదారే. వెనక గోడకు ఇంకో తలుపు ఉందని పాతవాళ్లు చెప్పగా విన్నాను గానీ, నేను చేరినప్పట్నుంచీ అక్కడ బేళ్లే చూశాను. ఆ అమ్మాయికి నేను చేసిన దానికి బదులుగా ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది నా దగ్గర ఏమీ లేదు. సంతకం ఆమె తన అర్హతతో తెచ్చుకుంది, నేను అడ్డం తప్పుకున్నానంతే. కానీ ఆమె ఎవరి కోసం పొగలో పాకడం నేర్చుకుందో, అలాంటివాళ్లు ముప్ఫై మంది మా కొట్లో నా కళ్లముందే ఉన్నారు.

ఆదివారం ఇద్దరు హమాలీలను పిలిచి బేళ్లు జరిపించడం మొదలుపెట్టాను. మామయ్య కింద నుంచి, "ఒరేయ్, సరుకు ఎక్కడ పెడతావురా, నీ నెత్తినా?" అని అరిచాడు. "నా బల్ల కింద పెడతాను మావయ్యా" అని అరిచాను. మధ్యాహ్నానికి తలుపు బయటపడింది. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. గడియ పగలగొట్టి, ముగ్గురం భుజాలు ఆనించి నెడితే, ఎన్నేళ్లుగానో మూసుకున్న తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. కింద సందులోకి తుప్పుపట్టిన ఇనుప మెట్లున్నాయి. ఆ మెట్ల కింద ఇడ్లీ బండి పెట్టుకున్నావిడ, దుమ్ము మీద పడగానే గరిట ఎత్తి పైకి చూసి, "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! ఇక్కడ తలుపుందా?" అంది. ఆవిడకు దండం పెట్టి, బండిని నాలుగడుగులు జరుపుకోమని బతిమాలి, మెట్లు బాగు చేయించాను. మంట ఆర్పే సిలిండర్లు రెండు తెప్పించాను. (వాటి సీళ్లు విప్పి చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.)

ఇప్పుడు కొట్టు నేనే చూసుకుంటున్నాను. "అలాగే వచ్చిందండి" అన్న మాట మా కొట్లో వినబడితే, అన్నవాణ్ణి పక్కకు పిలిచి ఈ కథంతా చెబుతాను, నా పళ్ల గాట్లతో సహా. కొత్తగా ఎవరు పనిలో చేరినా మొదటి రోజు పైకి తీసుకెళ్లి, ఆ తలుపు వాళ్ల చేత్తోనే తీయించి, ఇనుప మెట్లు దింపించి, మళ్లీ ఎక్కిస్తాను. సగం మంది ఫోను చూసుకుంటూ దిగుతారు. వాళ్లను కసరను. చివరి మెట్టుదాకా శ్రద్ధగా చెబుతాను. వెనకాల వాళ్లు నాకు ఎయిర్‌హోస్టెస్ గారు అని పేరు పెట్టుకున్నారని ఈమధ్యే తెలిసింది. నలభైకి దగ్గరపడుతున్న, పొట్ట వచ్చిన, మీసమున్న మనిషిని. మొన్న ఒక కుర్రాడు పొరపాటున మొహం మీదే అలా పిలిచి, నాలుక కరుచుకుని, పారిపోబోయాడు.

"ఏం బాబూ?" అని పలికాను.